రొద కింద పాట

2024 జులై చివర్లో ఒక రాత్రి ఫోన్ చూస్తుంటే మార్టిన్ ఫిలిప్స్ పోయాడని వార్త కనిపించింది. న్యూజిలాండ్‌లో బాగా దక్షిణాన డునెడిన్ అనే ఊరుంది, అక్కడి ది చిల్స్ బ్యాండ్ ఆయనది, బ్యాండ్‌లో మనుషులు మారిపోతూనే ఉన్నా మొదట్నించీ చివరిదాకా నిలబడింది ఆయనొక్కడే. అదే ఏడాది మే నెలలో షికాగోలో రికార్డింగ్ ఇంజినీర్ స్టీవ్ ఆల్బినీ కూడా పోయాడు. ఇద్దరికీ 61 ఏళ్ళే. పోయే వయసా అది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాతవన్నీ వరసపెట్టి వింటూ కూర్చున్నా, అప్పుడు గుర్తొచ్చినవే ఇవన్నీ, ఒక క్రమం ఏమీ లేదు, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాసేస్తున్నా.

ముందు చిల్స్ పాట పింక్ ఫ్రాస్ట్ పెట్టా. మొదటి కొన్ని సెకన్లు గిటార్ సరదాగా గంతులేస్తుంది, ఏదో హుషారు పాట అనుకునేలోపే మొత్తం మారిపోయి చల్లగా ఒళ్ళంతా పాకుతుంది. అందులో డ్రమ్స్ వాయించింది మార్టిన్ బుల్. పాట బయటికి రాకముందే, 1983లో, లుకేమియాతో పోయాడు. 1984లో రికార్డు వచ్చినప్పుడు దాన్ని అతనికే అంకితం ఇచ్చారు. బుల్ తన లెదర్ జాకెట్‌ని ఫిలిప్స్‌కి వదిలి వెళ్ళాడు, ఆ జాకెట్ మీదే ఫిలిప్స్ 1986లో ఇంకో పాట చేశాడు. అది ఏడుపు పాట కానేకాదు, గిటార్లు గరగరమంటాయి, డ్రమ్ము దబదబా ముందుకి తోసుకెళ్తుంది. పోయిన స్నేహితుడి గురించి అంత గట్టిగా, అంత ప్రాణంతో పాడొచ్చని నాకు తెలిసింది ఆ పాటతోనే. ఇప్పటికీ ఎవరైనా దగ్గరివాళ్ళు పోతే నేను మెల్లటి పాటలు వినను, అదే వింటాను.

* * *

నాకీ సంగీతం దొరికింది హాస్టల్లో. పై అంతస్తులో ఒక సీనియర్ ఉండేవాడు, తక్కువ మాట్లాడే మనిషి, సెలవులకి వెళ్తూ ఒక క్యాసెట్ నా చేతిలో పెట్టి "నేనొచ్చేదాకా నీ దగ్గరుంచు, వింటూ ఉండు" అని వెళ్ళిపోయాడు. తొంభై నిమిషాల టేపు, ఇటొక ఆల్బం అటొక ఆల్బం, పైన బాల్‌పెన్‌తో రాసిన పేర్లు వేళ్ళ చెమటకి సగం చెరిగిపోయాయి. ప్లే నొక్కితే ఠక్కుమని, ఆ తర్వాత టేపు ఖాళీగా తిరిగే సుయ్ మనే చప్పుడు కాసేపు, అప్పట్లో ప్రతి పాటకీ ముందు ఆ కాసేపు ఎదురుచూపు ఉండేది, ఇప్పుడది లేదు, వేలు తగలగానే పాట వచ్చేస్తుంది.

మొదటి పాట మెల్లగానే మొదలైంది. ధన్, ధధన్, ఠప్. ధన్, ధధన్, ఠప్. చాలా పెద్ద గదిలో ఎవరో ఒక్కళ్ళే కొడుతున్న డ్రమ్ము. తర్వాతి పాటకి వచ్చేసరికి గిటార్లు విరుచుకుపడ్డాయి. అంతకు ముందు నేను విన్న ఏ రికార్డులోనూ అలాంటి చప్పుడు లేదు, కీచుమంటోంది, బుస కొడుతోంది, ఎక్కడా తగ్గట్లేదు. నా రూమ్మేట్ లేచి "హెడ్‌కి మురికి పట్టిందిరా, ఆపు" అని దూది, స్పిరిట్ తెచ్చి హెడ్ తుడిచాడు, రబ్బరు రోలర్ కూడా తుడిచాడు, చాలా శ్రద్ధగా. మళ్ళీ పెట్టాం. అదే రొద, కాకపోతే ఇప్పుడు ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది.

సీనియర్ సెలవుల్నించి రాగానే అడిగాడు, "ఎలా ఉందిరా?" అని. "భలే గోలగా ఉందన్నా, కానీ వదలబుద్ధి కావట్లేదు" అన్నా. "గిటార్‌ని వినకురా. దాని కింద ఒకడు మెల్లగా పాడుతున్నాడు, ముందు వాణ్ణి పట్టుకో. వాడు దొరికితే గిటార్ దానంతటదే సర్దుకుంటుంది" అన్నాడు. నాకు సంగీతం ఎలా వినాలో నేర్పింది ఆ రెండు ముక్కలే.

ఆ రాత్రి దుప్పటి కప్పుకుని వాక్‌మన్‌లో మళ్ళీ విన్నాను, ఈసారి కింద వెతుక్కుంటూ. నిజంగానే ఉన్నాడు. రేకుల కప్పు మీద జోరువాన కురుస్తుంటే దాని కింద నిలబడి ఎవరో తనలో తను కూనిరాగం తీసుకుంటున్నట్టు, అంత నింపాదిగా పాడుతున్నాడు. పాట ఎంత సులువైన పాటో! చిన్నపిల్లలు కూడా పట్టేసే వరస, రెండు మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాలు), అంతే. పైన అంత రొద లేకపోతే నేను దాన్ని అంతలా వెతుక్కునేవాణ్ణి కాదేమో, వెతుక్కున్నాను కాబట్టే అది నాదైపోయింది అనిపిస్తుంది.

అది ది జీసస్ అండ్ మేరీ చైన్ మొదటి ఆల్బం, సైకోక్యాండీ, 1985. జిమ్ రీడ్, విలియం రీడ్, అన్నదమ్ములు, గ్లాస్గో పక్కన ఈస్ట్ కిల్‌బ్రైడ్ అనే ఊరివాళ్ళు. వాళ్ళ నాన్నకి ఫ్యాక్టరీ ఉద్యోగం పోయినప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత కొడుకులకిచ్చాడు, దాంతో వాళ్ళు నాలుగు ట్రాకుల పోర్టాస్టూడియో అనే రికార్డింగ్ మిషన్ కొనుక్కుని ఇంట్లోనే పాటలు రికార్డు చేయడం మొదలెట్టారు. ఉద్యోగం పోయిన తండ్రి ఆ డబ్బుని కొడుకుల గోల కోసం ఇవ్వడం, ఇది చదివిన రోజు నించి ఆ ఆల్బం నాకు ఇంకో రకంగా వినిపిస్తుంది. డ్రమ్స్‌కి బాబీ గిలెస్పీ, నిలబడి వాయించేవాడు, ముందు రెండే డ్రమ్ములు. మొదట్లో వాళ్ళ కచేరీ ఇరవై నిమిషాల్లో అయిపోయేదిట, ప్రేక్షకుల వైపు వీపు పెట్టి వాయించి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ ధన్, ధధన్, ఠప్ ఎక్కడిదో చాలా ఏళ్ళకి తెలిసింది. ది రోనెట్స్ అనే అమ్మాయిల బ్యాండు 1963లో పాడిన ప్రేమపాటలో హాల్ బ్లెయిన్ కొట్టిన డ్రమ్ము అది. అంటే ఈ అన్నదమ్ములు అమ్మాయిల ప్రేమపాటల్నీ, వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బ్యాండు రొదనీ ఒకే పాటలో పెట్టారన్నమాట, రెండూ వాళ్ళకి ప్రాణమే, ఏదీ వదులుకోలేదు. (వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌లో మో టకర్ కూడా నిలబడే వాయించేది.)

* * *

మా బ్యాచ్‌లో ఒకడికి ఎలక్ట్రిక్ గిటార్ ఉండేది, దాంతో పాటు చిన్న యాంప్ (సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె). వాడికి పద్ధతిగా సోలోలు వాయించడం ఇష్టం. నేను మాత్రం "ఒక్కసారి సౌండ్ పూర్తిగా పెంచి గిటార్‌ని యాంప్‌కి ఎదురుగా తిప్పరా" అని వాడి ప్రాణం తీసేవాణ్ణి. ఒక ఆదివారం మధ్యాహ్నం, హాస్టల్ దాదాపు ఖాళీ, వాడు సరే అని తిప్పాడు. తీగ మీటి వదిలేశాడు. మామూలుగా అయితే ఆ స్వరం మెల్లగా చచ్చిపోవాలి. చావలేదు. పెరిగింది. తీగ కదిలితే దాని కింద ఉండే పికప్ దాన్ని యాంప్‌కి పంపిస్తుంది, స్పీకర్ గాలిని కదిలిస్తుంది, ఆ గాలి మళ్ళీ వచ్చి తీగనే కదిలిస్తుంది, ఇలా తిరుగుతూనే ఉంటుంది, ఫీడ్‌బ్యాక్ అంటే అదే. వాడు ఒకడుగు వెనక్కి వేస్తే స్వరం ఎగిరి పై స్థాయికి వెళ్ళింది, పక్కకి జరిగితే ఇంకోటి పట్టుకుంది. అప్పుడు వాడి మొహం చూడాలి. గిటార్‌ని చేత్తో వాయించట్లేదు, గదిలో నడిచి వాయిస్తున్నాడు. సోలోల మనిషి ఆ సాయంత్రం దాకా గదిలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. తర్వాత సోనిక్ యూత్ బ్యాండు వాళ్ళు తీగల కింద స్క్రూడ్రైవర్లు దూర్చి వాయిస్తారని ఎక్కడో చదివి, ఎలక్ట్రికల్ ల్యాబ్ నించి స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాడు, గంట మోగినట్టు వచ్చింది ఆ శబ్దం, ఇద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

ఈ గరగరమనే ఫజ్ శబ్దం పుట్టిందే ఒక మిషన్ చెడిపోవడం వల్ల. అమెరికాలోని నాష్‌విల్‌లో, 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ అనే కంట్రీ గాయకుడి పాట రికార్డు చేస్తుంటే మిక్సర్‌లో ఒక ఛానల్ పాడై గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ బొంగురుపోయి వచ్చింది. పారెయ్యకుండా దాన్ని అలాగే ఉంచేశారు. జనానికి నచ్చింది. తర్వాత అక్కడి ఇంజినీర్ గ్లెన్ స్నాడీ ఆ బొంగురు గొంతుని కావాలని పుట్టించే సర్క్యూట్ తయారుచేస్తే, 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ అని కాలితో నొక్కే పెడల్‌గా అమ్మకానికి వచ్చింది. పాడైన ఛానల్‌ని ఆ రోజే ఎవరైనా బాగుచేసి మళ్ళీ రికార్డు చేసుంటే? నాకు తరచూ వచ్చే ఆలోచన ఇది.

* * *

ఉత్తరాల సంగతి చెప్పాలి. అప్పట్లో ఈ బ్యాండ్ల పాటలు మామూలుగా దొరికేవి కావు. ఎవరో ఒకరి దగ్గర ఒక టేపు ఉంటుంది, వాళ్ళకి ఇంకెవరో పరిచయం, వాళ్ళ అడ్రస్ సంపాదించి ఉత్తరం రాయాలి, ఖాళీ క్యాసెట్ కూడా పంపాలి, ఆ తర్వాత వారాలకొద్దీ ఎదురుచూడాలి. నాకు అలా ఒక కలం స్నేహితుడు దొరికాడు, ఎప్పుడూ కలుసుకోలేదు, గొంతు కూడా వినలేదు, కానీ వాడి చేతిరాత ఇప్పుడు ఎక్కడ కనపడినా గుర్తుపడతాను. కవర్ మీదే చిన్న అక్షరాల్తో రాసేవాడు: "రెండో పాట మొదలుపెట్టి ఆపకు." "సైడ్ బీ రాత్రిపూటే విను." నేను అక్షరాలా పాటించేవాణ్ణి.

వాడు పంపినవన్నీ కాపీకి కాపీకి కాపీ. టేపుని టేపుకి ఎక్కించిన ప్రతిసారీ కొత్త హిస్, అదే ఆ సుయ్ మనే చప్పుడు, వచ్చి చేరుతుంది, పై స్వరాలు కాస్త అరిగిపోతాయి, గొంతు ఇంకొంచెం దూరం జరుగుతుంది. నా దగ్గరికొచ్చేసరికి కొన్ని పాటల్లో అసలు బ్యాండు ఎంత, మధ్యలో చేతులు మారిన మనుషులు కలిపింది ఎంత అన్నది విడదీయలేం. ఇప్పుడు శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేసినవి వింటే అన్నీ వినపడతాయి, బాగుంటాయి కూడా, కానీ నాకు కావాల్సిన పాట అందులో సగమే ఉంటుంది.

సీ86 అలాగే వచ్చింది. ఇంగ్లండ్‌లో ఎన్.ఎం.ఈ. అనే సంగీత వారపత్రిక 1986లో పాఠకుల కోసం తెచ్చిన క్యాసెట్ అది, 22 బ్యాండ్లు, ఒక్కోళ్ళది ఒక్కో పాట. మొదటి పాట ప్రైమల్ స్క్రీమ్‌ది, నిమిషంన్నర కూడా ఉండదు, ఇలా మొదలై అలా అయిపోతుంది, పాడింది ఎవరనుకున్నారు, ఆ నిలబడి డ్రమ్ము కొట్టిన బాబీ గిలెస్పీయే. షాప్ అసిస్టెంట్స్, ది పాస్టెల్స్, ది వెడ్డింగ్ ప్రెజెంట్, అందరూ అందులో ఉన్నారు. వెడ్డింగ్ ప్రెజెంట్ గిటార్ వేగానికి నేను బల్ల మీద వేళ్ళతో తాళం వేయబోయి చెయ్యి నొప్పెట్టి ఆపేసేవాణ్ణి. చాలామంది ఆ క్యాసెట్ మీద విరుచుకుపడ్డారు, వాయించడం రాని పిల్లలు, శ్రుతి లేదు అని. శ్రుతి కొన్నిచోట్ల లేదు నిజమే. కానీ ఆగలేక పాడుతున్నారని ప్రతి పాటలో తెలుస్తుంది, నాకు అదే కావాలి.

తర్వాత శారా రికార్డ్స్. బ్రిస్టల్‌లో క్లేర్ వాడ్, మ్యాట్ హేన్స్ అనే ఇద్దరు 1987లో మొదలుపెట్టారు, చిన్న ఏడంగుళాల రికార్డులు, మెత్తటి పాటలు. 1995లో వందో నంబర్ దాకా వచ్చి, బాగా నడుస్తుండగానే ఆపేశారు, అంతే, ఇక చాలన్నారు. అప్పట్లో ఆ నిర్ణయం నాకు మింగుడుపడలేదు, ఇప్పుడు వాళ్ళ మీద గౌరవం ఇంకా పెరిగింది.

డునెడిన్ వాళ్ళ టేపు మాత్రం మిగతా అన్నిటికంటే ఎక్కువ అరిగిపోయింది. ఫ్లయింగ్ నన్ అని న్యూజిలాండ్‌లో రోజర్ షెపర్డ్ 1981లో పెట్టిన కంపెనీ, దాంట్లో వచ్చిన బ్యాండ్లు ది క్లీన్, ది చిల్స్, ది వెర్లేన్స్, ది బ్యాట్స్. ది క్లీన్ మొదటి రికార్డు చాలా తక్కువ ఖర్చులో అయిపోయింది, అయినా దేశం మొత్తం చార్టులో 19వ స్థానానికి ఎక్కింది. అందులో గిటార్ కంటే ముందు మనసులో పడేది ఆ ఆర్గన్, ఆగకుండా గింగిర్లు తిరుగుతుంది, దాన్ని వాయించింది మార్టిన్ ఫిలిప్సే, అప్పటికింకా కుర్రాడు. వాళ్ళలో చాలామందిని క్రిస్ నాక్స్ తన నాలుగు ట్రాకుల మిషన్ మీద రికార్డు చేశాడు. పెద్ద స్టూడియోలకి దూరంగా, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా, ఒకళ్ళ బ్యాండులో ఒకళ్ళు వాయిస్తూ ఒక ఊరంతా కలిసి తమ సంగీతం తామే చేసుకున్నారు. మ్యాపు తీసి ఆ ఊరు ఎక్కడుందో వేలితో వెతికి చుక్క పెట్టుకున్నాను, ఆ మ్యాపు ఇంకా ఉంది.

* * *

సీనియర్ ఇచ్చిన టేపు రెండోవైపు ఉన్నది మై బ్లడీ వాలెంటైన్ వాళ్ళ ఇజన్ట్ ఎనీథింగ్, 1988ది. దాని తర్వాతది, లవ్‌లెస్, నాకు ఉద్యోగంలో చేరాకే దొరికింది. నైట్ షిఫ్టులు. పెద్ద హాలు, వరసగా స్క్రీన్లు, వెనకాల మిషన్ల ఫ్యాన్లు ఒకే శ్రుతిలో హోరుమంటూ, తెల్లవారుజామున మూడు దాటాక ఎవరూ మాట్లాడుకోరు. ఆ హోరులోకి ఈ ఆల్బం కలిసిపోయేది, ఎక్కడ మిషన్ ఆగిందో ఎక్కడ గిటార్ మొదలైందో తెలిసేది కాదు.

ఆ బ్యాండులో కెవిన్ షీల్డ్స్ గిటార్ వాయించేటప్పుడు ట్రెమలో ఆర్మ్‌ని, అంటే తీగల శ్రుతిని వంచే కడ్డీని, చేతిలోంచి వదలడు, దాన్ని పట్టుకునే తీగలు మీటుతాడు. దాంతో కార్డు ఎప్పుడూ ఒకచోట నిలబడదు, కాస్త కిందకీ పైకీ వంగుతూనే ఉంటుంది, వినేవాళ్ళకి నేల ఊగినట్టుంటుంది. వందల గిటార్లు పేర్చారని అందరూ అనుకుంటారు, అన్నేమీ లేవని ఆయనే చెప్పాడు. రెండేళ్ళకు పైగా స్టూడియోలు మారుస్తూ చేశారు, 1991 నవంబర్‌లో వచ్చింది. అందులో పాడిన బిలిండా బుచర్ గొంతు చాలావరకు నిద్రలోంచి లేవగానే రికార్డు చేశారట, అందుకేనేమో అందులో మాటలు ఇంకా మేలుకోనట్టే ఉంటాయి.

నా పక్క సీట్లో ఒక పెద్దాయన ఉండేవారు, రిటైర్మెంట్‌కి దగ్గర పడిన మనిషి, శాస్త్రీయ సంగీతం బాగా తెలిసినాయన. ఒక రాత్రి "ఏం వింటున్నారండీ అంత దీక్షగా?" అని అడిగారు. ఒక ఇయర్‌ఫోన్ తీసి ఇచ్చాను. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. "పాడేది ఆడమనిషేనా?" అన్నారు. "ఆవిడా ఉన్నారండీ, ఆయనా ఉన్నారు, కలిపేశారు." "ఏమంటున్నారు?" "మాటలు సరిగ్గా తెలియవండీ." "ఫర్వాలేదులెండి, ఆలాపనకి మాటలెందుకు" అని ఇంకాసేపు విన్నారు. "శ్రుతి వంగుతోంది చూశారా, కానీ తిరిగి చోటుకొచ్చి చేరుతోంది, ఊరికే వంచట్లేదు ఈయన" అన్నారు. అప్పటిదాకా నేను రొద అనే మాటతో సరిపెట్టుకున్నదాన్ని ఆయన ఒక్క వినికిడిలో గమకంలాగా పట్టుకున్నారు. ఆ తర్వాత మా షిఫ్టులు కలిసినప్పుడల్లా మూడు దాటాక ఆయన చెయ్యి చాపేవారు, నేను ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చేవాణ్ణి.

వాళ్ళ తర్వాతి ఆల్బం 2013 ఫిబ్రవరిలో వచ్చేసరికి 21 ఏళ్ళు దాటిపోయాయి. ఆ రాత్రి వాళ్ళ సైట్ మీద ప్రపంచమంతా పడిందేమో, కుప్పకూలింది. పెద్దాయన అప్పటికే రిటైరై వెళ్ళిపోయారు, తెల్లారాక ఫోన్ చేసి "వచ్చిందండీ" అన్నాను. "మరి పంపించండి, ఆలస్యమెందుకు" అన్నారు.

* * *

ఆల్బినీ గురించి అనుకుంటూ మర్చిపోయాను. పిక్సీస్ అనే బ్యాండు మొదటి పూర్తి ఆల్బం సర్ఫర్ రోజా, 1988ది, ఆయన చేసిందే. అందులో బేస్ వాయిస్తూ పాడే కిమ్ డీల్ గొంతులో గది మోగాలని మిషన్ మీద ఎకో పెట్టకుండా మైకులు స్టూడియో బాత్రూంలోకి మోసుకెళ్ళి రికార్డు చేశాడు. ఆ డ్రమ్స్ వింటే గది గోడలు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పేయొచ్చు. ప్రొడ్యూసర్ అనే పేరు వేయించుకోవడం ఇష్టపడేవాడు కాదు, రికార్డులు అమ్ముడుపోతే వచ్చే రాయల్టీ తీసుకునేవాడు కాదు, చేసిన పనికి ఒకసారి డబ్బు, అంతే. నిర్వాణా అంతటి బ్యాండుకి 1993లో చేసినప్పుడూ అదే మాట మీద నిలబడ్డాడు. కోట్లు వదులుకోవడం చిన్న విషయం కాదు. ఆయన పోయిన పది రోజులకి ఆయన సొంత బ్యాండు షెల్లాక్ కొత్త ఆల్బం వచ్చింది, ముందే తేదీ ఖాయమైపోయింది. విన్నాను. ఆ డ్రమ్ము అలాగే ఉంది, పక్క గదిలో కొడుతున్నట్టు.

* * *

మా అక్క కూతురు ఈ మధ్య బేస్ గిటార్ నేర్చుకుంటోంది. "మావయ్యా, నువ్వు వినేవి ఒక వరసలో పెట్టివ్వు, నాకు ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియట్లేదు" అంది. చాలా ఆలోచించి పెట్టాను. ముందు ది క్లీన్, ఆ ఆర్గన్ ఎవరినైనా లోపలికి లాగుతుంది, ఆ తర్వాత షాప్ అసిస్టెంట్స్, ఒసాకా నించి షోనెన్ నైఫ్, ముగ్గురమ్మాయిలు 1981లో మొదలెట్టి హాయిగా పాడుకుంటూ పోయారు, దాని పక్కన గైడెడ్ బై వాయిసెస్, ఒహాయోలో రాబర్ట్ పొలార్డ్ స్కూల్ టీచర్‌గా ఉద్యోగం చేసుకుంటూ స్నేహితులతో కలిసి నడిపిన బ్యాండు అది, 1994లో వచ్చిన వాళ్ళ ఆల్బంలో ముప్పై ఏడు నిమిషాల్లోపే ఇరవై పాటలు, అప్పుడు పిక్సీస్, అప్పుడు సైకోక్యాండీ, లవ్‌లెస్ మాత్రం మంచి హెడ్‌ఫోన్లు కొన్నాకే, సౌండ్ మరీ పెంచకుండా, ఎందుకంటే ఆ బ్యాండ్ కచేరీల్లో వాళ్ళే జనానికి ఇయర్‌ప్లగ్స్ పంచుతారు, చెవులు జాగ్రత్త అని గట్టిగా చెప్పాను.

అది నా వరస పక్కనపెట్టి ఆఖర్న పెట్టిన హస్కర్ డ్యూ అనే బ్యాండుకి ముందు వెళ్ళింది. జెన్ ఆర్కేడ్, 1984, రెండు రికార్డుల ఆల్బం, రెండు పాటలు తప్ప అన్నీ మొదటి టేకులే. "మావయ్యా, వీళ్ళు ముగ్గురేనా? ముగ్గురు కలిసి ఇంత చప్పుడా?" అంటోంది. ఇప్పుడు అందులో గ్రెగ్ నార్టన్ బేస్ నేర్చుకోవాలని పట్టుబట్టింది. బాబ్ మోల్డ్ గిటార్ కింద ఆ బేస్ పూర్తిగా నలిగిపోయి ఉంటుంది, సులువుగా వినపడదు. పాట వెనక్కి తిప్పుతుంది, చెవి ఆనిస్తుంది, మళ్ళీ తిప్పుతుంది. "అదిగో అక్కడ, ఇప్పుడు కిందకి దిగాడు చూడు" అని నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి "ఉండు మావయ్యా, చెప్పకు, నేనే పట్టుకుంటా" అంటోంది.